సరుగుడు సొంతూరు

(ఉత్తర క్వీన్స్‌లాండ్ అడవులు, దీవుల గురించి బ్రిస్బేన్‌లో తెలుగు కుటుంబాలు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఉత్తర క్వీన్స్‌లాండ్ తీరంలో ఉన్న కెయిర్న్స్ ఊరు వెళ్తే ఏం చూడాలో చెప్పమని అడిగారు. చూడాల్సినవి తర్వాత చెప్తాను. ముందు మా నాన్నగారి గురించి ఒక సంగతి చెప్పాలి.

కొన్నేళ్ళ క్రితం జూలైలో అమ్మానాన్నలు బాపట్ల నుంచి వచ్చారు. వాళ్ళని కెయిర్న్స్ తీసుకెళ్ళాను. విమానం దిగిన సాయంత్రమే ఊరికి ఉత్తరాన ఉన్న ఒక బీచ్‌కి వెళ్ళాం. అమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళవైపు నడిచింది. నాన్న మాత్రం ఇసుక మొదట్లోనే ఆగిపోయారు. ఏమైందా అని వెనక్కి వెళ్ళి చూస్తే, ఒక చెట్టు మొదలు మీద రెండు చేతులూ ఆనించి నిలబడి ఉన్నారు. చేతులు చుట్టూ అందడం లేదు. బెరడు గరుకుగా, పొరలు పొరలుగా లేచి ఉంది. కింద ఇసుకంతా చిన్న చిన్న ముళ్ళకాయలు. పైన గాలికి ఆ సన్నటి శబ్దం, ఎవరో ఆగకుండా "ఉష్ష్" అంటున్నట్టు. చిన్నప్పటి నుంచి సూర్యలంకలో విన్న శబ్దమే.

"ఒరేయ్, ఇది సరుగుడురా" అన్నారు. కాసేపాగి, "సరుగుడు ఇంత ముసలిది అవుతుందని నాకు తెలీదు" అన్నారు.

ఆయన రెండెకరాల్లో సరుగుడు వేసిన మనిషి. మన దగ్గర నాలుగైదేళ్ళు నిండగానే కొట్టేస్తాం. కర్రలు పందిళ్ళకీ పరంజాలకీ, మిగతాది పేపర్ మిల్లుకీ వెళ్ళిపోతుంది. జన్మంతా సరుగుడు పెంచిన మనిషి అంత వయసున్న సరుగుడు చెట్టుని డెబ్బై ఏళ్ళ వయసులో మొదటిసారి చూశారు. ఎందుకంటే అది మనకి బయటి నుంచి వచ్చిన చెట్టు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో, 19వ శతాబ్దంలో, వంటచెరకు కోసం మన తీరం వెంట నాటారు. దాని పుట్టిల్లు ఉత్తర ఆస్ట్రేలియా తీరం, ఆగ్నేయాసియా దీవులు. అక్కడ దాన్ని నాటక్కర్లేదు. కాయలు నీళ్ళలో కొట్టుకొచ్చి, ఇసుకలో పడి, వాటంతట అవే మొలుస్తాయి.

మర్నాడు నడుస్తుంటే అమ్మ ఇంకో చెట్టు పట్టుకుంది. మన పెరళ్ళలో ఉండే బాదం చెట్టు, చిన్నప్పుడు రాళ్ళతో కాయలు పగలగొట్టుకుని పప్పు తిన్నామే, అదే. ఆ పక్కనే పొన్న. మీ ఊళ్ళో వేణుగోపాలస్వామి ఉత్సవాల్లో పొన్నచెట్టు వాహనం ఉంటే ఆ ఆకు మీకు తెలిసే ఉంటుంది, దళసరిగా, నూనె రాసినట్టు మెరుస్తూ. ఏటి మొగ దగ్గర మడ అడవి, అచ్చం మన కోరింగలాగే. సిడ్నీలో, మెల్‌బోర్న్‌లో ఎన్నేళ్ళున్నా చెట్ల పేర్లు నోటికి రావు. ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో సగం చెట్లని మనం పేరు పెట్టి పిలవగలం. నేను అందరికీ చెప్పేది ఒక్కటే. అక్కడికి కొత్త దేశం చూడ్డానికని కాకుండా చుట్టాలింటికి వెళ్ళినట్టు వెళ్ళండి. చుట్టాలింట్లో ఐదు నిమిషాలు కూర్చుని లేచి రాం కదా, ఆగుతాం. ఆ ఇంటి పద్ధతులు కూడా కనుక్కుంటాం.

మేము మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ పని చేయలేదు. పిల్లల సెలవులు చూసుకోలేదు, కాలం చూసుకోలేదు, టికెట్లు చవగ్గా దొరికాయని ఫిబ్రవరిలో వెళ్ళాం. మూడు రోజుల్లో ఐదు చోట్లు చూసెయ్యాలని లిస్టు రాసుకున్నాం. మొదటి రోజు గాలికి పడవ రద్దయింది. రెండో రోజు వర్షానికి రోడ్డు మూసేశారు. మూడో రోజు హోటల్ కిటికీ దగ్గర కూర్చుని పిల్లలు ఏడుపు. టెన్షన్ తప్ప ఏమీ మిగల్లేదు.

అక్కడ కాలాలు రెండే. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా వానలు, మే నుంచి నవంబర్ దాకా పొడి. వాన అంటే మన లెక్కల్లో వాన కాదు. మన కోస్తాలో ఏడాదికి ఇంచుమించు వెయ్యి మిల్లీమీటర్లు పడుతుంది. కెయిర్న్స్‌లో దానికి రెట్టింపు. ఆ ఊరికి దక్షిణంగా బెలెండెన్ కెర్ అనే కొండ ఉంది, దాని మీద 2000 సంవత్సరంలో 12 వేల మిల్లీమీటర్లు దాటింది. టల్లీ అనే చెరకు ఊళ్ళో వర్షాల రికార్డుకి గుర్తుగా రబ్బరు బూటు ఆకారంలో దాదాపు ఎనిమిది మీటర్ల బొమ్మ కట్టారు. 1950లో ఆ ఊళ్ళో కురిసిన వాన ఎత్తే ఆ బూటు ఎత్తు. తుఫాన్ల కాలం కూడా ఇదే. 2011లో యాసీ తుఫాను మిషన్ బీచ్ దగ్గర తీరం దాటింది. దివిసీమ ఉప్పెన తర్వాత పెరిగిన మనకి ఆ మాట వింటేనే ఒళ్ళు జలదరిస్తుంది.

అలాగని వానాకాలం పనికిరాదని అనను. బ్యారన్ జలపాతం నిండుగా దూకడం చూడాలంటే అప్పుడే చూడాలి. కానీ మొదటిసారి, పెద్దవాళ్ళతో, పిల్లలతో వెళ్ళేవాళ్ళు జూన్ నుంచి అక్టోబర్ లోపు వెళ్ళండి. అందులోనూ నన్నడిగితే సెప్టెంబర్. జూన్, జూలైల్లో ఆగ్నేయం నుంచి ఈదురు గాలి ఆగకుండా వీస్తుంది, దూరపు పగడాల దిబ్బలకి వెళ్ళే పడవ బాగా ఊగుతుంది. సెప్టెంబర్‌కి ఆ గాలి కాస్త తగ్గుతుంది, జెల్లీఫిష్‌లు ఇంకా రావు.

ఇప్పుడు సముద్రం గురించి. దయచేసి ఇది శ్రద్ధగా వినండి. మనం అలల సముద్రం పక్కన పెరిగినవాళ్ళం. సూర్యలంకలోనైనా, రుషికొండలోనైనా అల పెద్దదైతే వెనక్కి వస్తాం, చిన్నదైతే దిగుతాం. మనకి తెలిసిన ప్రమాదం అలే. కెయిర్న్స్ తీరంలో పెద్ద అలలుండవు. బయట 2,300 కిలోమీటర్ల పొడవునా పగడపు దిబ్బలు కోటగోడలా నిలబడి మహాసముద్రాన్ని ఆపేస్తాయి. లోపల నీళ్ళు చెరువులా ఉంటాయి. అది చూసి మనవాళ్ళు ప్యాంటు మడిచి దిగిపోతారు. అక్కడి ప్రమాదం అలలో లేదు, నీళ్ళలో ఉంది.

నవంబర్ నుంచి మే దాకా తీరం దగ్గర బాక్స్ జెల్లీఫిష్ తిరుగుతుంది. గాజులా ఉంటుంది, కనపడదు. దాని దారాలు ఒంటికి చుట్టుకుంటే నిమిషాల్లో గుండె ఆగిపోవచ్చు. ఇంకోటి ఇరుకాంజీ, వేలి గోరంత. ఈ చిన్నదాని సంగతి తేల్చింది కెయిర్న్స్‌లోని జాక్ బార్న్స్ అనే డాక్టరు. ఈత కొట్టినవాళ్ళు ఒళ్ళంతా మెలితిరిగే నొప్పులతో ఆసుపత్రికి వచ్చేవాళ్ళు, కారణం ఎవరికీ తెలిసేది కాదు. 1961లో ఆయన ఈ గోరంత జెల్లీఫిష్‌ని పట్టుకుని, తన చేతికీ, తొమ్మిదేళ్ళ కొడుకుకీ, ఒక లైఫ్‌గార్డుకీ కుట్టించాడు. కాసేపటికి ముగ్గురూ ఆసుపత్రిలో పడ్డారు, ముగ్గురూ బతికారు. ఆ జీవికి శాస్త్రీయ నామం ఆయన పేరు మీదే పెట్టారు. కొడుక్కి కుట్టించడం నేను ఒప్పుకోలేను. కానీ ఈ రోజు బీచ్‌లో ఆ హెచ్చరిక బోర్డు ఉందంటే దాని వెనక ఆ మధ్యాహ్నం ఉంది.

బీచ్ దగ్గర స్తంభాలకి సీసాలు కట్టి ఉంటాయి. అందులో ఉండేది వెనిగర్. కుట్టిన చోట ధారాళంగా పోసి, అత్యవసర నంబరు 000కి ఫోన్ చెయ్యాలి. రుద్దకూడదు. ఆ కాలంలో వల కట్టిన చోటే దిగండి, మెడ నుంచి మడమ దాకా కప్పే లైక్రా సూట్ వేసుకోండి. చీర మీదే నీళ్ళలో దిగడం అలవాటైన అమ్మలు ఇబ్బంది పడనక్కర్లేదు, అక్కడ అందరూ అదే వేసుకుంటారు.

తర్వాత మొసలి. ఉప్పునీటి మొసలి. ఒడిశాలో భితర్‌కనికా మడ అడవుల్లో ఉండే జాతే. క్వీన్స్‌లాండ్‌లో 1974 నుంచి దాన్ని చంపడం నేరం, అందుకే మళ్ళీ పెరిగాయి. మనకున్న ఒక అలవాటు గురించి చెప్తాను. పిక్నిక్‌లో పులిహోర తిని, డబ్బా పట్టుకుని ఏటి ఒడ్డున గొంతుకూర్చుని కడుగుతాం. ఆ పని మాత్రం అక్కడ చెయ్యొద్దు. మొసలి బొమ్మ బోర్డున్నా లేకపోయినా మడ ఏరులకీ, ఏటి మొగలకీ కనీసం ఐదు మీటర్ల దూరంలో ఉండండి. డబ్బా రూముకొచ్చి కడుక్కోవచ్చు.

ఈ భయాలన్నీ చెప్పానని మానుకోకండి. మనకి పాము తెలుసు, తేలు తెలుసు, వాటి మధ్యే పొలం వెళ్ళి వచ్చాం. ఇదీ అంతే.

అడవి సంగతికి వస్తాను. కెయిర్న్స్ నుంచి ఉత్తరంగా 75 కిలోమీటర్లు వెళ్తే మాస్‌మన్ కనుమ. అక్కడ అడవి తూర్పు కుకు యలాంజి అనే ఆదివాసీ ప్రజలది. వాళ్ళ మనిషే మనల్ని నడిపించుకుంటూ తీసుకెళ్తారు. నడక మొదట్లో ఆకులు కాల్చి పొగ వేస్తారు, అందులోంచి నడిచి లోపలికి వెళ్ళాలి. పిల్లలకి సాంబ్రాణి పొగ గుర్తొచ్చింది. దారిలో ఆయన ఒక ఆకు తెంపి, తడి చేసి, అరచేతుల మధ్య రుద్దాడు. తెల్లటి నురుగొచ్చింది. అమ్మ వెంటనే "కుంకుడుకాయ" అంది. అదేమిటో ఆయనకి ఇంగ్లీషులో చెప్పమంది, తలంటు గురించి నేను చెప్పాను. ఆయన నవ్వి, తమ అవ్వ కూడా ఈ ఆకుతోనే పిల్లలకి స్నానం చేయించేదన్నాడు. 2021 సెప్టెంబర్ 29న డెయిన్‌ట్రీ నేషనల్ పార్కును ప్రభుత్వం ఈ ప్రజలకి తిరిగి అప్పగించింది. మిగతా మూడు పార్కులతో కలిపి లక్షా అరవై వేల హెక్టార్లకి పైనే. టికెట్ డబ్బులు ఎక్కడ ఖర్చు పెట్టాలని నన్నెవరైనా అడిగితే, ఇలా ఆ నేల మనుషులు నడిపించే నడకకే పెట్టమంటాను. మిగతా చోట్ల ఫొటోలు వస్తాయి, ఇక్కడ మాట్లాడ్డానికి మనిషి దొరుకుతాడు.

ఇంకా పైకి వెళ్తే డెయిన్‌ట్రీ నది. వంతెన లేదు. ఇనుప తాళ్ళు పట్టుకుని అటూ ఇటూ తిరిగే బల్లకట్టు మీద కారు ఎక్కించాలి. అవతల ఫోన్ సిగ్నల్ దాదాపుగా ఉండదు, పెట్రోలు ఇవతలే పోయించుకోండి. అక్కడ గుండె ఆకారపు పెద్ద ఆకులున్న చిన్న మొక్క ఒకటుంటుంది, గింపీ గింపీ అంటారు. మన దూలగొండి దాని ముందు ఎందుకూ పనికిరాదు. దాని నూగు గుచ్చుకుంటే నెలల తరబడి మంట. అందుకే చెక్కబాట దిగొద్దు. దారిలో క్యాసోవరీ కనపడితే అదృష్టం. నిప్పుకోడి బంధువు, నల్లటి ఒళ్ళు, నీలం మెడ, నెత్తిన కిరీటం. గుడ్లు పొదిగేది తండ్రి, యాభై రోజులు. తర్వాత తొమ్మిది నెలలు పిల్లల్ని వెంటేసుకుని తిరిగేదీ తండ్రే. అడవిలో కొన్ని పెద్ద పండ్ల గింజల్ని మింగి దూరాలకి మోసుకెళ్ళేది ఈ పక్షే, అది లేకపోతే ఆ చెట్లు తల్లి నీడ దాటి పోలేవు. దానికి తిండి పెట్టొద్దు, పరుగెత్తొద్దు. బ్యాగు ముందు పెట్టుకుని మెల్లగా వెనక్కి జరగండి. కారు నెమ్మదిగా నడపండి, అవి ఎక్కువగా చస్తున్నది కార్ల కిందే.

కొండ మీద యంగబురా అనే ఊరి దగ్గర ఇంకో చెట్టుంది, తెర మర్రి అని పిలవచ్చు. మర్రి కాదు, అది మన జువ్వి. రావి, మర్రి, మేడి, మామిడి, జువ్వి అని పూజలో పంచపల్లవాలు తెమ్మంటారు, ఆ జువ్వే. వందల ఏళ్ళ కిందట ఒక పక్షి వేసిన గింజ ఇంకో చెట్టు కొమ్మల్లో మొలిచింది. ఊడలు దిగి, ఆ చెట్టుని నలిపేశాయి. అది వాలి పక్క చెట్టు మీద పడింది. వాలిన మాను మీంచి ఊడలు నేలదాకా జారి, పదిహేను మీటర్ల ఎత్తున తెర కట్టినట్టు నిలబడ్డాయి. నాన్న చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకున్నారు. పక్కనున్న ఒక ఆస్ట్రేలియా పెద్దాయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

ఇక దీవులు. విట్‌సండేల గురించి చెప్పమంటారని తెలుసు. వైట్‌హేవెన్ బీచ్ ఏడు కిలోమీటర్లు, ఇసుక పిండిలా తెల్లగా ఉంటుంది, నిజంగానే బాగుంటుంది. దాని గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. మాగ్నెటిక్ ఐలాండ్ గురించి తక్కువమంది చెప్తారు. టౌన్స్‌విల్ నుంచి ఎనిమిది కిలోమీటర్లు, ఫెర్రీలో అరగంట లోపే. 1770లో కెప్టెన్ కుక్ ఓడలోని దిక్సూచి అక్కడ తప్పు చూపించిందని ఆయనే ఆ పేరు పెట్టాడు. వుల్గురుకాబా ప్రజలకి అది యున్‌బెనున్. ఏనుగుల్లాంటి గ్రానైటు గుండ్లు, మధ్యమధ్య పైన్ చెట్లు. రెండో ప్రపంచ యుద్ధంలో కట్టిన ఫిరంగి కోట దాకా రాను పోను నాలుగు కిలోమీటర్ల నడక. ఆ దారిలో తలెత్తి చూస్తే యూకలిప్టస్ కొమ్మల సందుల్లో కోలాలు నిద్రపోతూ ఉంటాయి. అక్కడ ఒక రాత్రి ఉండండి. చీకటి పడ్డాక ఆడమనిషి ఏడ్చినట్టు పొడుగ్గా ఒక అరుపు వినిపిస్తుంది. భయపడకండి, అది పొడుగు కాళ్ళ పక్షి, పగలంతా పొదల కింద కదలకుండా నిలబడి ఉంటుంది. టౌన్స్‌విల్‌లో చదువుకునే మన పిల్లలకి ఈ దీవి వారాంతపు ఇల్లు.

కెయిర్న్స్ నుంచి ముప్పావుగంటలో చేరే దీవులు రెండున్నాయి, గ్రీన్ ఐలాండ్, ఫిట్జ్‌రాయ్. పటంలో పక్కపక్కనే ఉన్నా వాటి పుట్టుక వేరు. ఫిట్జ్‌రాయ్ ఒకప్పుడు కొండ. పది వేల ఏళ్ళ కిందట మంచుయుగం ముగిసి సముద్రం పైకి లేచినప్పుడు నేల నుంచి విడిపోయింది. గ్రీన్ ఐలాండ్‌కి రాయీ లేదు, కొండా లేదు. పగడపు దిబ్బ మీద అలలు ఇసుక పోగేసి కట్టిన దీవి, మొత్తం ముప్పై ఎకరాలు. గంటలో చుట్టూ తిరిగి రావచ్చు. ఈ రెంటికీ తరతరాల సొంతదారులు గుంగాంజి ఆదివాసీ ప్రజలు.

గ్రీన్ ఐలాండ్‌లో మా అమ్మ నీళ్ళలో దిగింది. అరవై ఆరేళ్ళు, ఈత రాదు. అద్దం అడుగున్న పడవలో చూస్తే చాలంది. ఆ పడవ దిగాక తనంతట తనే "ఒకసారి తల ముంచి చూడనా" అని అడిగింది. లైక్రా సూట్ వేసుకుంది, మంగళసూత్రం లోపలికి దోపుకుంది. నడుంలోతు నీళ్ళలో నిలబెట్టి, మాస్కు తగిలించి, నోట్లో గొట్టం పెట్టి, రెండు చేతులూ పట్టుకున్నాను. మొదట మూడుసార్లు లేచేసింది. ముక్కుతో గాలి తీయబోయి ఉక్కిరిబిక్కిరి అయింది. "నోటితో తీయి, ప్రాణాయామం అనుకో" అన్నాను. నాలుగోసారి లేవలేదు. నా చేతుల్లో ఆవిడ వేళ్ళ బిగువు మెల్లగా తగ్గింది. నిమిషం, రెండు నిమిషాలు, ఐదు నిమిషాలు. నేను భయపడి భుజం తట్టాను. తలెత్తి మాస్కు కూడా తీయకుండా, "కింద ఎవరో జంతికలు నములుతున్నారు" అంది.

నిజంగానే వినపడుతుంది. ప్యారట్‌ఫిష్ అని ఒక చేప, మూతి చిలకముక్కులా ఉంటుంది. ఆకుపచ్చ, నీలం, గులాబీ కలిపి పోచంపల్లి చీర అంచులా ఉంటుంది. పగడపు రాతిని కొరికి, పైన పట్టిన నాచు తిని, రాతి పొడిని ఇసుకగా విసర్జిస్తుంది. పెద్ద చేప ఏడాదికి వందల కిలోల ఇసుక చేస్తుంది. దీవి ఇసుకలో కొంత భాగం అలా తయారైనదే. ఆ మాట చెప్తే అమ్మ గుప్పెట్లో ఇసుక తీసుకుని చాలాసేపు చూసి, మళ్ళీ అక్కడే వదిలేసింది. గవ్వ గానీ, పగడపు ముక్క గానీ తెచ్చుకోకూడదు. నేను చెప్పకముందే ఆవిడకి అర్థమైంది.

పగడం చెట్టూ కాదు, రాయీ కాదు, జంతువు. దాని ఒంట్లో కాపురమున్న నాచు దానికి తిండి వండిపెడుతుంది. రంగు కూడా చాలావరకు ఆ నాచుదే. నీళ్ళు వేడెక్కి వారాల తరబడి అలాగే ఉంటే పగడం ఆ నాచుని బయటికి గెంటేసి తెల్లబోతుంది, త్వరగా చల్లబడకపోతే చచ్చిపోతుంది. 1998, 2002, 2016, 2017, 2020, 2022, 2024, 2025. ఇన్నిసార్లు పెద్ద ఎత్తున తెల్లబడింది. నేను మొదటిసారి చూసిన ఒక చోటు ఇప్పుడు బూడిద రంగు పుల్లల కుప్ప. అది చూసిన రోజు పడవలో ఎవరితోనూ మాట్లాడలేకపోయాను. అదే ఏడాది ఫిట్జ్‌రాయ్ దగ్గర కొత్త పగడాలు అరచేయంత మొలిచి ఉండటమూ చూశాను. రెండూ నిజమే. మనం వెళ్ళడం తప్పా అని అడుగుతారు. పర్యాటక పడవల్లో వెళ్ళిన చాలామంది దగ్గర మెరైన్ పార్కు నిర్వహణకి కొన్ని డాలర్లు తీసుకుంటారు. చూసినవాళ్ళు దాని గురించి ఇంట్లో మాట్లాడతారు, ఓటేసేటప్పుడు ఆలోచిస్తారు. వెళ్ళండి. సన్‌స్క్రీన్ క్రీము దట్టంగా పూసుకునే బదులు పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. కాళ్ళకి ఈత రెక్కలు తొడుక్కుంటే పగడాల మీద నిలబడొద్దు, తేలండి. మీ కాలి కింద విరిగేది ఏళ్ళ తరబడి పెరిగింది.

ఒక్క రోజుకి ఒక్క దీవి పెట్టుకోండి. మొదటి ఫెర్రీకి వెళ్ళి, ఆఖరి ఫెర్రీకి రండి. వెళ్ళేముందు ఆటుపోట్ల టైము చూసుకోండి. మన ఊళ్ళో పోటుకీ పాటుకీ తేడా పెద్దగా తెలియదు, అక్కడ మూడు మీటర్ల దాకా ఉంటుంది. పాటు సమయంలో గ్రీన్ ఐలాండ్ దిబ్బ మీద నీళ్ళు మోకాలి లోతుకి దిగిపోతాయి, ఈత కుదరదు. పోటు వస్తున్నప్పుడు దిగండి. పెరుగన్నం, పులిహోర తీసుకెళ్ళండి, కానీ మూత గట్టిగా పెట్టండి. ఆ దీవిలో గోధుమ చారల పక్షి ఒకటుంది, బల్ల మీంచి అప్పడం ఎత్తుకుపోయింది.

మేము సెప్టెంబర్ మూడో వారంలో మళ్ళీ వెళ్తున్నాం. ఈసారి నాన్న రావడం లేదు, మోకాళ్ళు. సరుగుడు చెట్టుని వీడియో కాల్‌లో చూపించమన్నారు, శబ్దం వినపడేట్టు ఫోన్ పైకి పట్టుకోమన్నారు. అమ్మ వస్తోంది. మాస్కులు నా దగ్గర ఆరున్నాయి, పిల్లల సైజువి రెండు. ఎవరైనా వస్తామంటే టీ తాగేటప్పుడు చెప్పండి.